క్యారవాన్‌కు రెండో ఏసీ పెట్టించాలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పాత టెంపో ట్రావెలర్ కొని రెండేళ్ళ కిందట క్యారవాన్‌గా మార్పించాం. డ్రైవరు సీటు వెనక లోపలి కొలత 16 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, మనిషి నిలబడేంత ఎత్తు. పైకప్పు మీద 13,500 బీటీయూ రూఫ్‌టాప్ ఏసీ ఒకటి, 2.8 కేవీఏ పెట్రోల్ జనరేటర్ ఒకటి ఉన్నాయి. అమ్మానాన్నలతో కలిపి ఐదుగురం మహానంది, అహోబిలం, శ్రీశైలం, లేపాక్షి తిరుగుతుంటాం. రాత్రి పది దాటాక లోపల 24కి దిగి ఏసీ దానంతటదే కట్ అవుతోంది. మే నెల మధ్యాహ్నం మాత్రం బయట 43 ఉంటే ఎంతసేపు నడిపినా లోపల 33 దగ్గరే ఆగిపోతోంది. వెనక మంచం దగ్గర ఇంకా వేడి. బాడీ కట్టిన షెడ్డువాళ్ళు అదే సైజుది ఇంకొకటి వెనకవైపు పెట్టించుకోమంటున్నారు. పెట్టించాలా? ఉన్న జనరేటర్ రెండింటినీ లాగుతుందా? డల్లాస్‌లో ఉన్న మా బావమరిది అక్కడి ఆర్‌వీ (క్యారవాన్ లాంటి బండి) ఏసీ ఒకటి కొని పంపిస్తానంటున్నాడు. అది మనకు పనికొస్తుందా?

సమాధానం: ఇప్పుడే పెట్టించకండి. మీరు రాసిన అంకెల్లోనే సగం జవాబు ఉంది. రాత్రి 24కి దిగి కంప్రెసర్ కట్ అవుతోందంటే మీ ఏసీ చచ్చిపోలేదు, ఆ వేళకు దానికి పని తక్కువై ఆగుతోంది. మధ్యాహ్నం ఆగకుండా నడిచినా 33 దగ్గర నిలిచిపోతోందంటే, అది ఎంత వేడి బయటికి తోస్తోందో అంత వేడీ లోపలికి వచ్చి పడుతోంది. దీనికి మందు రెండు రకాలు. తోడే యంత్రాన్ని పెంచడం ఒకటి, వేడి వచ్చే దారులు మూయడం ఇంకొకటి. షెడ్డువాళ్ళు మొదటిది చెప్పారు, వాళ్ళ పని అది. మీ బండికి రెండోది చవక, పైగా దానికి కరెంటు అక్కర్లేదు.

లెక్క చూద్దాం. 12,000 బీటీయూ అంటే ఒక టన్ను, అంటే 3,500 వాట్ల పైచిలుకు వేడిని తోడే శక్తి. ఆ ప్రకారం మీ 13,500 బీటీయూ 3,950 వాట్లకు దగ్గర. కానీ ఆ అంకె బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచింది. కడప, అనంతపురం, కర్నూలు ఎండల్లో 43 దాటినప్పుడు సామర్థ్యం సుమారు పదో వంతు పడిపోతుంది, లాగే కరెంటు మాత్రం పెరుగుతుంది. అదీగాక పైకప్పు మీద కూర్చున్న యంత్రం పీల్చేది చెట్టు నీడలోని గాలి కాదు, కాలిపోతున్న రేకు మీదుగా వచ్చే గాలి. కాబట్టి మే మధ్యాహ్నం మీ చేతికి అందేది 3,500 వాట్లు అనుకోండి.

ఇప్పుడు లోపలికి వచ్చేది. ఉజ్జాయింపు లెక్కే, కానీ ఏ వాటా ఎంతో తెలుస్తుంది. ముందు అద్దం సుమారు 2 చదరపు మీటర్లు. మధ్యాహ్నం మూడింటికి బండి ముక్కు పడమరకు ఉంటే ఆ ఒక్క అద్దం నుంచే 1,000 వాట్ల దాకా లోపలికి దిగుతుంది. ఎండ తగిలే వైపు కిటికీ అద్దాలు మరో 700. పైకప్పు 900. పల్చటి ప్లైవుడ్ తప్ప లోపల ఏమీ లేని పక్క గోడలు 1,200. కింద తారు రోడ్డు వేడి, తలుపు సందులు, తీసి మూయడం కలిపి 600. ఐదుగురు మనుషులు 500. ఫ్రిజ్, టీవీ, ఫ్యాన్లు 150. మొత్తం 5,000 దాటింది. 3,500 తోడే యంత్రం 5,000 వచ్చిపడే చోట 33 దగ్గర ఆగకపోతే ఆశ్చర్యపోవాలి. ఇదే లెక్కలో ముందు అద్దాన్ని 200కి, పక్క అద్దాలను 250కి, పైకప్పును 450కి, గోడల్ని 1,000కి, నేల, సందుల్ని కలిపి 400కి తెస్తే మొత్తం 3,000 లోపలే ఉంటుంది. ఉన్న ఏసీయే సరిపోయి కొంచెం మిగులుతుంది. అందులో ఇండక్షన్ పొయ్యి లెక్క లేదు. 1,500 నుంచి 2,000 వాట్ల పొయ్యి మధ్యాహ్నం లోపల వెలిగిస్తే ఈ కష్టమంతా గంగపాలు. ఆ వేళ వంట బయట చాందినీ కిందనే.

అయితే వేడి దారులు మూసే ముందు ఉన్న యంత్రం నిండా పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలి. రాత్రి కట్ అవుతోంది కాబట్టి బాగానే ఉందని వదిలేయకండి. రాత్రి పని సగమే, సగం పనికి సగం ఆరోగ్యం చాలు. ఒక డిజిటల్ థర్మామీటరు తీసుకోండి, మాంసం ఉడికిందో లేదో చూసే పుల్ల థర్మామీటరైనా సరే. ఏసీని పూర్తి కూలింగ్, ఫ్యాన్ హై మీద పెట్టి 20 నిమిషాలు నడవనివ్వండి. గాలి లోపలికి పీల్చుకునే జాలీ దగ్గర ఒకసారి, చల్లగాలి వచ్చే కంతలోకి పుల్ల దూర్చి ఒకసారి కొలవండి. రెండింటికీ తేడా 9 నుంచి 12 డిగ్రీలు ఉంటే యంత్రం బాగున్నట్టే. 8 కన్నా తక్కువైతే లోపం ఉంది, రెండో ఏసీ మాట తర్వాత.

తేడా తక్కువ వస్తే వెంటనే గ్యాస్ పోయిందనుకోవద్దు. రూఫ్‌టాప్ ఏసీల్లో ఎక్కువ శాతం ఫ్యాక్టరీలోనే సీలు చేసి వస్తాయి, గ్యాస్ కొలిచే వాల్వు ఉండదు. మెకానిక్ గ్యాస్ చూస్తానంటే పైపుకు కంత పెట్టాలి. అది ఆఖరి పని. మొదటి పని లోపల సీలింగుకు ఉన్న ప్లాస్టిక్ ప్లేటు విప్పడం. నాలుగు స్క్రూలు తీస్తే దిగుతుంది. టార్చి పెట్టి పైకి చూడండి. పైకప్పుకు కోసిన 14 అంగుళాల చదరపు కంత కనిపిస్తుంది. అందులో ఒకవైపు వెచ్చటి గాలి పైకి పోయే దారి, ఇంకోవైపు చల్లగాలి కిందికి దిగే దారి, రెండింటి మధ్య ఒక అడ్డు పలక. ఆ పలకకూ రేకుకూ మధ్య వేలు దూరేంత సందు ఉన్న బళ్ళు చాలా ఉంటాయి. చల్లగాలి గదిలోకి రాకుండా ఆ సందులోంచి అటే పీల్చుకుపోతుంది. యంత్రం తన చల్లదనాన్ని తనే తాగుతుంటుంది. పైకప్పు రేకుకూ సీలింగ్ ప్లైవుడ్‌కూ మధ్య ఖాళీలోకి చల్లగాలి కారిపోవడం కూడా ఇక్కడే జరుగుతుంది. మీ మంచం దగ్గరికి చల్లగాలి చేరకపోవడానికి ఇదే కారణం కావచ్చు. సందు పెద్దదైతే నురగ పట్టీ కోసి బిగించి, దుమ్ము తుడిచి, పైన అల్యూమినియం ఫాయిల్ టేపు అంటించండి. మామూలు గోధుమరంగు టేపు చెమ్మకు నెలలోనే ఊడి ఫ్యాన్‌లో పడుతుంది.

ప్లేటు విప్పినప్పుడే నాలుగు మూలల పొడవాటి బోల్టులు చూడండి. అవి వదులైతే పైన ఏసీకీ రేకుకూ మధ్య ఉండే గ్యాస్కెట్ (మెత్తటి పట్టీ) అణగదు, వానాకాలం నీళ్ళు దిగుతాయి. అలాగని బలమంతా పెట్టి బిగిస్తే గ్యాస్కెట్ నలిగి పిండైపోతుంది. అది అర అంగుళం మందానికి అణిగితే చాలు.

తర్వాత పైకెక్కి చూడాల్సింది కండెన్సర్ కాయిల్, అంటే తోడిన వేడిని బయటికి వదిలే రెక్కల జాలీ. యర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల దారుల్లో తిరిగే బండికి ఇది ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ కాయిల్ మీద పేరుకునేది మామూలు మట్టి కాదు, సిమెంటు పొడి, నాపరాళ్ళ పాలిషింగ్ పొడి. దాని మీద నేరుగా నీళ్ళు కొడితే రెక్కల మధ్య గట్టిపడి కూర్చుంటుంది. ముందు మెత్తటి బ్రష్షుతో పైనుంచి కిందికి పొడిగా దులపాలి, బ్లోయర్‌తో లోపలి నుంచి బయటికి ఊదాలి, ఆ తర్వాతే నీళ్ళు. సర్వీస్ స్టేషన్‌లో బండి కడిగే ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొడితే రెక్కలు పడుకుంటాయి, ఇక గాలి దూరదు. నల్లమల ఘాట్‌లో కొమ్మలు రాసుకుని వంగిన రెక్కల్ని దువ్వెనలాంటి చిన్న పనిముట్టుతో నిలబెట్టొచ్చు. లోపలి ఫిల్టర్ ఎండాకాలం వారానికోసారి కడగాలి. ఫ్యాన్, కంప్రెసర్ మోటార్లు స్టార్టవడానికి తోడ్పడే కెపాసిటర్లను మీటరుతో కొలిపించండి. మీద రాసిన విలువకు పదో వంతు తగ్గితే మార్చేయండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్టయి, మధ్యాహ్నం మూలిగి ఆగిపోయే ఏసీల్లో చాలావాటి జబ్బు ఈ చిన్న డబ్బాయే.

యంత్రం సరే అనుకున్నాక ఎండ పని. ముందు అద్దానికి లోపలి కర్టెన్ వేసి సరిపెట్టుకోవద్దు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్ దాన్ని ఆపేదేమీ లేదు, తనే వేడెక్కి ఆ వేడిని లోపలే వదులుతుంది. కవరు అద్దానికి బయటివైపు ఉండాలి. టార్పాలిన్ కుట్టేవాళ్ళ దగ్గర వెండి రంగు పూత ఉన్న గుడ్డతో అద్దం కొలతకు కుట్టించి, రెండు అంచులు ముందు తలుపుల సందులో నొక్కుకునేలా పెడితే గాలికి లేవదు. డ్రైవరు సీటుకూ వెనక గదికీ మధ్య 10 మిల్లీమీటర్ల నురగ షీటు పెట్టి కుట్టిన జిప్పు పరదా వేయించండి. ప్రయాణం ఆపాక ఇంజిన్ వేడి క్యాబిన్‌లో గంటకు పైనే ఉంటుంది, దాన్ని చల్లబరచడం మీ ఏసీ పని కాదు.

పైకప్పుకు తెల్ల పెయింట్ లేకపోతే ముందు అది వేయించండి. ముదురు రంగు రేకు మీద చెయ్యి పెట్టలేని వేళ తెల్ల రేకు మీద పెట్టగలరు, తేడా అంత ఉంటుంది. సోలార్ ప్యానెళ్ళు పెట్టే ఆలోచన ఉంటే రేకుకు మూడు నాలుగు అంగుళాల ఎత్తులో బిగించండి. కింద గాలి ఆడితే కరెంటుతో పాటు కప్పుకు నీడ కూడా దొరుకుతుంది. కానీ ఏసీ వేడిగాలి వదిలే వైపు రెండడుగులు ఖాళీ వదలండి. ప్యానెల్‌కు తగిలి ఆ గాలే వెనక్కి తిరిగి కాయిల్‌లోకి వస్తే ఎండ కన్నా ఎక్కువ నష్టం.

గోడలు విప్పే ఓపిక ఉంటే రేకుకు లోపలివైపు 19 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బర్ షీటు అంటించుకోండి, ఏసీ డక్టులకు చుట్టే నల్లటిది. గట్టి నురగ పలకలా ఉండే ఎక్స్‌పీఎస్ షీటూ మంచిదే, వంపుల దగ్గర మాత్రం ఇబ్బంది. థర్మోకోల్ వద్దు. కుదుపులకు పొడి రాలుతుంది, నిప్పుకు భయం. గ్లాస్ ఊల్ ఇంటి గోడకు బాగుంటుంది గానీ బండిలో ఆర్నెల్లకు కిందికి జారి పై సగం ఖాళీ అవుతుంది. మెరిసే బుడగల షీటును నేరుగా రేకుకు అంటించి ఇన్సులేషన్ అయిపోయిందనే షెడ్లు ఉన్నాయి. మెరిసే వైపు ఎదురుగా గాలి ఖాళీ లేకపోతే ఆ మెరుపు వల్ల ఒరిగేది దాదాపు శూన్యం. గోడలు ఇప్పుడు విప్పలేమంటే కప్పు ఒక్కటైనా చేయించండి.

బండి నిలిపే దిక్కు మాత్రం ఉచితం. మన అక్షాంశానికి ఏప్రిల్ ఆఖరు, మే మొదటివారంలో సూర్యుడు మధ్యాహ్నం నడినెత్తినే ఉంటాడు. ఆ తర్వాత జూన్ దాకా సాయంత్రపు ఎండ పడమరకు కాస్త ఉత్తరంగా కొడుతుంది. మధ్యాహ్నం నుంచి ఆగేటట్టయితే ముక్కు తూర్పుకు తిప్పి నిలపండి, పడమర వెనక తలుపుకు తగలనివ్వండి. అక్కడ అద్దం చిన్నది. ఎండలో మూసి ఉంచిన బండి ఎక్కగానే ఏసీ వేయకుండా రెండు తలుపులూ ఐదు నిమిషాలు బార్లా తెరిచి ఉడుకుగాలి పోనివ్వండి. ఏసీ వేయాల్సింది రెండు గంటలకు కాదు, పదింటికి. ప్లైవుడ్, పరుపులు, నీళ్ళ ట్యాంకు అన్నీ వేడెక్కాక చల్లార్చడం కన్నా వేడెక్కకుండా పట్టుకోవడం తేలిక.

మంచం దగ్గరి వేడికి సీలింగ్ ప్లేటు కంతల్ని వెనక్కి తిప్పి, 12 వోల్టుల చిన్న ఫ్యాన్ ఒకటి ఏసీ నుంచి మంచం వైపు తోసేలా పెట్టండి. దారిలో నిలువు బీరువా అడ్డముంటే దాని పై ఆరంగుళాలు కోయించడం మంచిది.

ఇంకో మాట. కరెంటు దొరకని గండికోట లాంటి చోట పగలు కూర్చోవడానికి కిటికీలో పెట్టే చిన్న ఎయిర్ కూలర్‌ను చిన్నచూపు చూడొద్దు. మన ఏప్రిల్, మే గాలి పొడిగా ఉంటుంది. బయట 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉన్న రోజు మంచి కూలర్ 28, 29 డిగ్రీల గాలి ఇవ్వగలదు, లాగేది 100, 150 వాట్లే. ఎదురు కిటికీ తెరిచి ఉండాలి, ట్యాంకులో నీళ్ళు ఉండాలి. ఏసీతో కలిపి మాత్రం వేయకూడదు. కూలర్ పెంచే తేమను దించడానికే ఏసీ అలిసిపోతుంది. జూలై దాటాక తేమ పెరిగితే కూలర్ మూల పెట్టేయడమే.

ఇదంతా చేశాక ఒకరోజు పరీక్ష పెట్టండి. బయట 42 పైన ఉన్న రోజు, కవర్లు వేసి, ముక్కు తూర్పుకు, పదింటి నుంచి ఏసీ నడిపి, మూడు గంటలకు మంచం ఎత్తులో కొలవండి. 28 లోపల ఉంటే రెండో ఏసీ మాట మరిచిపోవచ్చు. 30 దాటితే, లేదా ముందు గదిలో పిల్లలు, వెనక మీ అమ్మానాన్నలు తలుపు వేసుకుని వేర్వేరుగా పడుకోవాలంటే, అప్పుడు రెండోది న్యాయమే. ఒకటి మొరాయిస్తే ఇంకోటి ఉంటుందన్న ధైర్యం కూడా పెద్దవాళ్ళతో తిరిగేవాళ్ళకు చిన్న విషయం కాదు, దాన్ని కాదనం. కానీ అప్పుడైనా అదే సైజుది మాత్రం వద్దు.

ఎందుకంటే కరెంటు. మీ ఏసీ ఎండ వేళ 1,650 వాట్ల దాకా, అంటే 7 ఆంపియర్లకు పైన లాగుతుంది. అలాంటివి రెండంటే 14 నుంచి 15. ఫ్రిజ్, బ్యాటరీ చార్జర్ కలిస్తే 16 దాటింది. మీకు సత్రంలో, లాడ్జిలో దొరికేది ఒక్క 16 ఆంపియర్ల సాకెట్టు. అది 3,680 వాట్లు. గంటల తరబడి ఆగకుండా లాగడానికి 13 ఆంపియర్ల దగ్గర, అంటే 3,000 వాట్ల లోపు ఆపుకోవడం క్షేమం. అంతకు మించితే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే ఆపేసే స్విచ్) పడిపోవడం అదృష్టవంతుల సంగతి. పాత సాకెట్టులో స్ప్రింగు వదులైతే ఎంసీబీ పడదు, ప్లగ్గు పిన్ను నల్లబడి చుట్టూ ప్లాస్టిక్ కరుగుతుంది. అరగంట నడిచాక ప్లగ్గును వేళ్ళతో తాకి చూడండి. పట్టుకోలేనంత వేడిగా ఉంటే ఆ సాకెట్టు మీకు పనికిరాదు.

ఎక్స్‌టెన్షన్ తీగ దగ్గర పొదుపు చేసి ఏసీలు కాల్చుకునేవాళ్ళు ఎక్కువ. 30 మీటర్ల తీగలో 14 ఆంపియర్లు పోతున్నప్పుడు 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగలో 15 వోల్టులు, 1.5 తీగలో 10, 2.5 తీగలో 6, 4 తీగలో 4 వోల్టులు దారిలోనే పోతాయి. సాకెట్టు దగ్గరే 195 ఉన్న ఊళ్ళో ఆ 15 పోతే మీకు చేరేది 180. కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో లాగేది నాలుగైదు రెట్లు, అప్పుడు ఇంకా పడుతుంది. తిరగలేక మూలుగుతూ వేడెక్కి కాలిపోయేది అప్పుడే. 15 మీటర్ల లోపైతే 2.5, అంతకు మించితే 4 తీగ కొనండి. చుట్టగా ఉంచి వాడకండి, పూర్తిగా విప్పి పరవండి. బండిలోకి కరెంటు వచ్చే చోట వోల్టేజ్ చూపే మీటరు, లీకేజీ వస్తే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్, కరెంటు పోయి వస్తే మూడు నిమిషాలు ఆగి ఏసీని వేసే టైమరు, ఈ మూడూ రెండో ఏసీ ఉన్నా లేకున్నా కావాలి. సాకెట్టుకు ఎర్తింగ్ ఉందో లేదో టెస్టర్‌తో చూశాకే ప్లగ్గు పెట్టండి. ఎర్తు లేని చోట లీకేజీ వస్తే రేకు బాడీ అంతా షాకే, తడికాళ్ళతో మెట్టెక్కే పెద్దవాళ్ళకు మరీ ప్రమాదం.

అందుకే రెండోది అవసరమని తేలితే, మంచం గదికి 0.8 టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ సరైన బేరం. అది 800 వాట్ల దగ్గర లాగుతుంది, స్టార్టయ్యేటప్పుడు ఝటకా ఉండదు, గది చల్లబడ్డాక సగానికి తగ్గుతుంది. పాతది 1,650, ఇది 800, మిగతావి 450 కలిపి 2,900. సాకెట్టు హద్దులోనే. దీనికి వేరే 2.5 తీగ, వేరే ఎంసీబీ వేయించండి, పాత ఏసీ తీగలోనే కలిపితే ఒప్పుకోవద్దు.

ఇంటి స్ప్లిట్ బండిలో పాడయ్యేది పైపు కీళ్ళ దగ్గర. గోడకు కదలకుండా నిలిచే సామాను అది, మన రోడ్ల కుదుపుకు కాదు. ఔట్‌డోర్ యూనిట్ కింద రబ్బర్ బుష్‌లు పెట్టించి, రాగి పైపును కనెక్షన్‌కు ముందు ఒక గుండ్రటి చుట్టు తిప్పించి, అడుగుకొక క్లాంపు వేయించండి. చుట్టు లేకుండా నిటారుగా లాగిన పైపు దాన్ని యూనిట్‌కు బిగించే ఫ్లేర్ నట్టు దగ్గర చిట్లుతుంది, గ్యాస్ పోతుంది. యూనిట్‌ను వెనక డోర్ పక్కన ఫ్రేముకు పెట్టొచ్చు. ఛాసిస్ కింద, సైలెన్సర్ పక్కన వద్దు, అక్కడ వేడి, బురద రెండూ ఉంటాయి. ఫ్యాన్ ముఖం బండి వెళ్ళే దిక్కుకు ఉంటే ప్రయాణంలో గాలికి రెక్కలు విచ్చలవిడిగా తిరిగి మోటారు పాడవుతుంది. వెనక్కో పక్కకో ఉండాలి.

రూఫ్‌టాప్‌దే కావాలని షెడ్డువాళ్ళు పట్టుబడితే రెండు ప్రశ్నలు వేయండి. ఇంకో 40, 50 కిలోలు మోయడానికి కోత చుట్టూ చదరపు గొట్టంతో ఫ్రేము వేస్తారా? కప్పును మోసే అడ్డ ఇనుప ఆర్చీలను కోస్తారా, వాటి మధ్యలోనే కంత పెడతారా? ఆర్చీ కోస్తామంటే అక్కడితో ఆపేయండి. ఏసీతో కలిపి మొత్తం ఎత్తు ఎంతో కొలిచి డ్రైవరు ఎదురుగా రాసి అంటించండి, రైల్వే అండర్ బ్రిడ్జిల దగ్గర గుర్తుంటుంది. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు మారేలా బండిని మారిస్తే ఆర్టీఏ అనుమతి కావాలి. బరువు, ఎత్తు పెరిగే పని కాబట్టి ముందే అడిగి, బీమా కంపెనీకీ కాగితం మీద తెలపండి. క్లెయిము రోజు ఇదే అడ్డం పడుతుంది.

మీ రెండో ప్రశ్న జనరేటర్. 2.8 కేవీఏ నిరంతరంగా ఇచ్చేది 2,500 వాట్ల దగ్గర, మండే ఎండలో ఇంకా తక్కువ. ఒక రూఫ్‌టాప్ ఏసీని లాగుతుంది, రెండింటిని లాగదు. పెద్దదీ చిన్నదీ కలిపినా, చార్జర్, ఫ్రిజ్ ఆపేసినా అంచు మీద నడుస్తుంది, అలా నడపకండి. జనరేటర్ మీద ఏదో ఒకటే నడిచేలా చేంజోవర్ స్విచ్ పెట్టించండి. పగలు పెద్దది, రాత్రి మంచం దగ్గరిది. రాత్రి చిన్నది చాలు, పెట్రోలూ కలిసొస్తుంది. ఇప్పుడు ఏసీ స్టార్టయ్యేటప్పుడు జనరేటర్ గొంతు పడిపోతుంటే, లైట్లు మసకబారుతుంటే, రూఫ్‌టాప్‌కు సాఫ్ట్ స్టార్టర్ వేయించండి. ఆ మొదటి ఝటకాను సగానికి పైగా తగ్గిస్తుంది. కానీ అది నడిచేటప్పటి వాట్లను తగ్గించదు, కాబట్టి దాన్ని చూపించి రెండు ఏసీలు నడుస్తాయని ఎవరన్నా నమ్మొద్దు. పొగ గొట్టం కిటికీలకూ తలుపుకూ దూరంగా, గాలి వాలుకు ఉండాలి. మంచం ఎత్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా జనరేటర్ వేసి నిద్రపోవద్దు. ఆ వాయువుకు వాసన ఉండదు.

ఇక డల్లాస్ ఏసీ. వద్దనండి. అక్కడి రూఫ్‌టాప్ ఏసీలు ఎక్కువగా 115 వోల్టులు, 60 హెర్ట్జ్ మీద నడిచేవి. మన 230ని సగం చేసే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టులు సరిచేయొచ్చు, హెర్ట్జ్ 50 దగ్గరే ఉండిపోతుంది. దానితో కంప్రెసర్ ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, చుట్టలు మామూలు కన్నా ఎక్కువ వేడెక్కుతాయి. చల్లదనం తగ్గి, కాలిపోయే అవకాశం పెరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ స్టార్టింగ్ తాకిడిని తట్టుకోవాలంటే 5 కేవీఏకు తగ్గకూడదు. ఆ ఇనుము బరువు మళ్ళీ మీ బండే మోయాలి. వారంటీ రాదు, కడపలో విడిభాగాలూ దొరకవు. అక్కడ రెండు ఏసీల బళ్ళు మామూలే కదా అని ఆయన అనొచ్చు. అక్కడ పెద్ద ఆర్‌వీలకు 50 ఆంపియర్ల కనెక్షన్ ఉంటుంది, రెండు 120 వోల్టుల లైన్లు కలిపి 12,000 వాట్లు. ఒక ఏసీ ఉండే చిన్న బళ్ళ 30 ఆంపియర్ల కనెక్షన్ 3,600 వాట్లే, అంటే మన 16 ఆంపియర్ల సాకెట్టుతో సమానం. ఆయన ఏదో ఒకటి పంపాలనే ఉంటే 14 అంగుళాల రూఫ్ గ్యాస్కెట్ ఒకటి, బోల్టుల సెట్టుతో సహా పంపమనండి. మీ కోత కూడా ఆ కొలతదే అయితే సరిగ్గా సరిపోతుంది. ప్లేటు విప్పిన రోజు టేపు పెట్టి కొలిచి చెప్పండి.